లింగమ్మ చెప్పిన ఎలుగు

లింగమ్మకీ నాకూ మధ్య మంచి మాట నడిచింది ఒక్కసారే, అదీ పొరపాటున. మిగతాదంతా తిట్లే. ఆమె గురించి రాయడానికి నాకంటే పనికిమాలినవాడు ఎవడూ దొరకడు. అయినా నేనే రాయాలి. నేను దిద్దిన ఒక్క అక్షరం ఆమె కొలువు మీదికి తెచ్చింది.

నా పేరు బాలరాజు. వరంగల్ కొత్తవాడలో మాది నేతపని ఇల్లు. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. ఒక్క పోగు తప్పినా ఊడదీసి మళ్లీ నేసేవాడు, అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించనిచ్చేవాడు కాదు. మగ్గం నాకు అబ్బలేదు కానీ ఆ రోగం అబ్బింది. నేను బోర్డులు రాస్తాను. ఎక్కడ తప్పు కనపడినా బండి ఆపి షాపువాడితో తగవు పెట్టుకుంటాను. ఒకాయన 'ఎంకటేశ్వర కిరాణం' అని రాయించుకుంటే, నిచ్చెన వేసుకుని పైకెక్కి 'ఎ'ను 'వె' చేసి దిగాను. ఆయన దండం పెట్టలేదు సరికదా, కేసు పెడతానన్నాడు.

మా వైపు 'వె' పలకరు. వెన్నెల మాకు ఎన్నెల, వెనుక మాకు ఎనుక. చిన్నప్పుడు బడిలో 'ఎన్నెల' అని రాసినందుకు సారు నాచేత 'వెన్నెల' అని వందసార్లు రాయించాడు. వేళ్లు వాచాయి. ఆ వాపు తగ్గింది కానీ మా మాట తప్పు అనే భయం మాత్రం తగ్గలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక నా పని సగం చచ్చింది. ఈ మధ్య హోటళ్లవాళ్లకూ రిసార్టులవాళ్లకూ చేత్తో రాసిన బోర్డు ముచ్చటైంది. అలా, దసరాకు ముందు, బూరుగుగుట్ట నుంచి పిలుపొచ్చింది. ములుగు దాటి అడవిలో చాలా దూరం పోతే వస్తుంది ఆ గుట్ట. గుట్టకు మూడు గుహలు, కింద వాగు, వాగులోకి దిగడానికి కొత్తగా కట్టిన మెట్లు. గుట్టా వాగూ సర్కారువి. టెంట్లు, భోజనాలు, చలిమంటలు ఒక కాంట్రాక్టరువి. అతని తరఫున మేనేజరు రాంప్రసాద్ అక్కడే ఉంటాడు. మెడలో విజిల్, నెత్తి మీద టోపీ, నోట్లో ఎప్పుడూ 'గెస్టులు' అనే మాట.

నేను వెళ్లిన మొదటి రోజే వాగులో కుంచెలు కడుక్కుంటున్నాను. వెనక నుంచి ఒక గొంతు.

"ఓ రంగులాయనా! గా నీళ్లు నీ అయ్య తవ్విచ్చిండా? కింద మా పల్లె తాగుతది! లెవ్వు ఆణ్నుంచి!"

తిరిగి చూస్తే ఒక ముసలామె, చేతిలో తన ఎత్తు కట్టె. అదే లింగమ్మ. టెంట్లు ఊడవడం, గుహల దగ్గర కాపలా ఆమె పని. ఆమె చెప్పింది న్యాయమే. వాగులో కిరసనాయిలు కడగడం తప్పే. కానీ న్యాయం చెప్పేటప్పుడు మనిషి అయ్యను ఎత్తాలా? నలభై ఆరేళ్లవాణ్ని, నాకూ ఒళ్లు మండింది. "జర మర్యాదగ మాట్లాడక్కా" అన్నాను. "మర్యాద కావాల్నంటె వరంగల్ పో" అంది. అక్కడితో మా పరిచయం పూర్తయింది.

గుహల పేర్లు ఆమెకే తెలుసని, ఆమెను అడిగి రాయమని రాంప్రసాద్ చెప్పాడు. ఆమె ముందు, నేను వెనక, మధ్యలో పది గజాల పగ. మొదటిది గబ్బిలాల సొరిక. రెండోది నీళ్ల సొరిక. సొరిక అంటే వాళ్ల మాటలో గుహే. మూడోదాని దగ్గర ఆమె ఆగింది, కానీ దగ్గరికి పోలేదు, నన్నూ పోనివ్వలేదు.

"ఇది ఎలుగు సొరిక. దీనిది పెద్దగ రాయి. దూరం నుంచే కనవడాలె. సదువుకున్నోళ్లకు నోటిమాట ఆనదు."

నేను గుహ వైపు చూశాను. తూర్పు ముఖంగా ఉంది. పొద్దుటి ఎండ లోపలిదాకా పరుచుకుని ఉంది. నాకు వెంటనే అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకోవడమే నా జీవితంలో పెద్ద జబ్బు.

"ఎలుగు కాదక్కా, వెలుగు" అన్నాను.

"అదేగద నేనంటాన."

"సొరిక అని గూడ రాయద్దు. గుహ అంటరు."

"ఏదన్న రాస్కో. ఎలుగు మాత్రం ఉండాలె."

అప్పుడు నేను ఒక్క మాట ఎక్కువ అడిగి ఉంటే, ఈ కథ లేదు. అడగలేదు. ఆమెతో మాట పెంచుకుంటే మళ్లీ మా నాన్న దాకా పోతుందని నోరు మూసుకున్నాను. 'వెలుగు గుహ' అని అడుగు ఎత్తు అక్షరాలు రాశాను. అందంగా ఉంటుందని అక్షరాల చుట్టూ పసుపు రంగుతో సూర్యకిరణాలు గీశాను. లింగమ్మకు చదువు రాదు. బోర్డు ముందు చాలాసేపు నిలబడి, ఆ కిరణాలను వేలితో తడిమి, "గోర్లు మంచిగ ఏసినవ్" అంది. నాకు అర్థం కాలేదు. ముసలితనం అనుకున్నాను. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఎలుగు అంటే ఎలుగుబంటి. ఆమె మొదటినుంచీ చెప్పింది దాని సంగతే.

ఆమె బతుకు గురించి తర్వాత నాకు క్యాంపులో వంట చేసే యాకమ్మ చెప్పింది. లింగమ్మది గుట్ట కిందనే ఉన్న పల్లె. మొగుడు బుచ్చిరాములు తేనెకు పోయేవాడు. పదహారేళ్ల కింద, ఒక తెల్లవారుజామున, ఆ మూడో గుహ పక్క బండకు తేనెపట్టు చూసి ఎక్కబోయాడు. మేతకు పోయి తిరిగొస్తున్న ఎలుగు ఎదురైంది. అది మనిషిని తినదు, ముఖం పట్టుకుంటుంది. బుచ్చిరాములు బతికాడు. ఒక కన్ను, ముక్కు, పై పెదవి లేవు. ఆనాటి నుంచి నెత్తి మీది తువ్వాల ముఖం మీదికి లాక్కుని ఇంట్లోనే కూర్చుంటాడు. ఎవరు పిలిచినా పలకడు, పెళ్లిళ్లకు పోడు. అన్నం కూడా గోడ వైపు తిరిగి తింటాడు. లింగమ్మ తునికాకు కోసింది, పత్తి ఏరింది, నాట్లకు పోయింది, మొగుణ్ని సాకింది. క్యాంపు పెడుతున్నారని తెలియగానే పోయి రాంప్రసాద్ ముందు నిలబడి, ఊడుస్తానంది. ఊడవడం సాకు. ఆ గుహ ముందు నిలబడే హక్కు కావాలి ఆమెకు. ఇంకో మనిషి ముఖం పోకూడదు. ఆమెకు ఆ కొలువు కావలసింది అందుకే.

దసరా సెలవులకు గెస్టులు దిగారు. హన్మకొండ నుంచి, హసన్‌పర్తి కాలేజీల నుంచి, హైదరాబాద్ నుంచి. పాటల పెట్టెలు, చిప్స్ ప్యాకెట్లు, వాగులో సబ్బు నురగ. లింగమ్మ ఒక్కో గుంపునూ సాయంత్రమే పట్టుకుని తన పాఠం చెప్పేది. ఆమె మాటలు కొలిచి వాడే మనిషి, తిట్లు తప్ప.

"బోర్డు సూసిండ్రు గదా. పొద్దుగూకంగ బయటికి పోతది, తెల్లారంగ లోపటికొస్తది ఎలుగు. సూసుకోండ్రి మరి."

విన్నవాళ్లు ఏమనుకుంటారు? బోర్డు మీద వెలుగు గుహ. చుట్టూ కిరణాలు. పెద్దామె స్వయంగా చెబుతోంది, సాయంత్రం వెలుగు పోతుందట, తెల్లారగానే లోపలికి వస్తుందట, చూసుకోవాలట. అందరూ సెల్‌ఫోన్లలో అలారం పెట్టుకుని పడుకునేవారు. తెల్లవారి లేచి పోతే, ఆ పెద్దామే కట్టె పట్టుకుని గుహకు అడ్డం నిలబడి బండబూతులు తిట్టేది.

"సెప్పలేదా? రాత్రి సెప్పలేదా నీకు? సదువు రాదా? కండ్లున్నయా, కాళ్ల కింద పెట్టుకున్నవా?"

రాంప్రసాద్ ఫోన్‌లో అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. 'వెలుగు గుహకు పొద్దున్నే రమ్మని ఆ ముసలమ్మే చెబుతుంది, వెళ్తే తరిమి కొడుతుంది, ఆమెకు మతి స్థిమితం లేదు' అని ఒకరు. 'ప్లేస్ సూపర్, స్టాఫ్ డేంజర్' అని ఇంకొకరు. లింగమ్మకేమో వీళ్లంతా చదువుకున్న గాడిదల్లా కనపడ్డారు. రాసిపెట్టినా పోతారు, నోటితో చెప్పినా పోతారు. ఆమె కోపం రోజురోజుకూ పెరిగింది. వాళ్ల కోపమూ పెరిగింది. మధ్యలో నా బోర్డు హాయిగా నిలబడి రెండు వైపులా మంట పెట్టింది. రాంప్రసాద్ ఇంకో అడుగు ముందుకేసి 'వెలుగు గుహ సూర్యోదయం' అని పోస్టరు కొట్టించాడు.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున జరిగింది అసలు గొడవ. హన్మకొండ నుంచి ముగ్గురు వచ్చారు, ఒకే ఆఫీసువాళ్లు. ఉదయ్, నవ్య, విజయశ్రీ. అంతకు వారం ముందే లింగమ్మ గుహ ముందు చిన్న అడుగులు చూసింది. ఎలుగు పిల్లలు పెట్టిందని ఆమెకు తెలిసిపోయింది. పిల్లల తల్లి మనిషిని చూస్తే ఆగదు. ఆ సంగతి రాంప్రసాద్‌కు చెబితే, "నీకు రోజూ ఏదో ఒకటి కనవడ్తది లింగమ్మ" అన్నాడట. ఆ రోజు తెల్లారకముందే ఆమెను టాయిలెట్లు కడగమని పంపాడు, గెస్టుల జోలికి పోకుండా. ఆమె కడిగి, పరుగున వచ్చేసరికి ముగ్గురూ గుహలోకి పది అడుగులు వేసేశారు. అరిస్తే లోపలున్నది లేస్తుంది. ఆమె రాయి తీసి విసిరింది. ఉదయ్ నుదురు పగిలింది. నెత్తురు చూసి ముగ్గురూ బయటికి పరుగెత్తారు. విజయశ్రీ దాన్నంతా వీడియో తీసింది.

ములుగు దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి. మధ్యాహ్నానికి వీడియో ఎక్కడెక్కడో తిరిగింది. రాంప్రసాద్ నాకు ఫోన్ చేశాడు. "బాలరాజు, అర్జంటుగ ఇంకో బోర్డు గావాలె. 'సిబ్బంది దురుసుగా ప్రవర్తిస్తే ఫిర్యాదు చేయండి' అని. రేపు పొద్దుగాల రా." నాకు లోపల కొంచెం సంతోషం కూడా వేసింది, దాచడం దేనికి. నన్ను తిట్టినామెను తిట్టే బోర్డు నేనే రాయబోతున్నాను. మంచి కుంచెలు తీసి సంచిలో వేసుకున్నాను.

నేను వెళ్లేసరికి మూడో గుహకు దూరంగా, బోర్డు దగ్గర పంచాయితీ నడుస్తోంది. ఉదయ్ తలకు కట్టు. నవ్య, విజయశ్రీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. యాకమ్మ చెట్టు చాటున. లింగమ్మ ఒక్కతే ఇటు వైపు.

"రాయితోని మనిషిని కొడ్తవా? పోలీస్ కేసు అయితది ఎర్కేనా?" అన్నాడు రాంప్రసాద్. "ఇయ్యాల్టి నుంచి నువ్ రావద్దు."

లింగమ్మ అతని వైపు చూడనే లేదు. ఉదయ్ మీదికి పోయింది. "నేను సదువు రానిదాన్ని. మీరు సదివినోళ్లు గదా? గంత పెద్దగ రాసిపెట్టిచ్చిన. సదువుండ్రి, గదేందో సదువుండ్రి అందరు ఇనేటట్టు!"

నవ్య విసుగ్గా బోర్డు వైపు తిరిగింది. "వెలుగు గుహ. అంతే కదా."

"ఇన్నరా!" లింగమ్మ కట్టె నేలకేసి కొట్టింది. "ఎలుగు గుహ! ఆమెనే సదివె! ఎలుగని సదివి మల్ల గా లోపటికే పోతరు. నెత్తిల గుజ్జున్నదా వీళ్లకు?"

ముగ్గురూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. రాంప్రసాద్ కణత దగ్గర వేలు తిప్పి నవ్వాడు, పిచ్చిదని. ఆమెకు రెండు మాటలూ చెవికి ఒక్కటే. పట్నపోళ్లు ముందు ఒక 'వ' తగిలించి మాట్లాడతారు, అంతే అనుకుంది.

నా చేతిలో కుంచె ఉంది. పొద్దుగూకంగ పోతది, తెల్లారంగ వస్తది. గోర్లు మంచిగ ఏసినవ్. అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెప్పాలా వద్దా అని నిలబడ్డాను. ఇంకా వేరే క్యాంపుల బోర్డులు కూడా నాకే ఇస్తానన్నాడు రాంప్రసాద్. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నేను నోరు విప్పలేదు. సిగ్గుతో రాస్తున్నాను, నేను నోరు విప్పలేదు.

లింగమ్మే నా వైపు తిరిగింది. నన్ను పురుగులా చూసే మనిషి, ఆ రోజు నన్ను సాక్షిగా పిలిచింది.

"గీ రంగులాయన్నే అడుగుండ్రి. సెప్పు. నేను ఎలుగని సెప్పిన్నా లేదా?"

"సెప్పినవక్కా."

"మరి రాసినవా లేదా?"

"రాయలే."

ఆమె ముఖం మారడం నేను చూశాను. నేను గెస్టుల వైపు తిరిగి చెప్పాను. ఆమె చెప్పింది ఎలుగుబంటి సంగతని, నేనే తప్పుగా అనుకుని వెలుగు అని రాశానని. విజయశ్రీ మెల్లగా అంది, "నవ్యా, లోపల మోటర్ నడుస్తున్నట్టు సౌండ్ వచ్చింది గుర్తుందా? మనం జనరేటర్ అనుకున్నాం."

"పిల్లలు పాలు తాగుతె గట్లనే గుర్రుమంటయి" అంది లింగమ్మ.

ఉదయ్ చెయ్యి తన కట్టు మీదికి పోయింది. విజయశ్రీ అక్కడే కింద కూర్చుండిపోయింది. ఇప్పుడైనా రాంప్రసాద్ ఆమెకు చేతులెత్తి మొక్కుతాడనుకున్నాను. వాడు టోపీ సర్దుకున్నాడు.

"సరే, పెయింటర్ మిస్టేక్ అయింది. ఇప్పుడు దాన్ని పెద్దది చెయ్యొద్దు. బోర్డు అట్లనే ఉంటది. ఎలుగుబంటి అని రాస్తే ఇంక ఈడికి ఎవడొస్తడు? పోస్టర్లు గూడ కొట్టిచ్చినం. మూడు నెలలల్ల ఒక్కలకన్న ఏమన్న అయిందా?"

ఎందుకు కాలేదో, ఆ కారణం కట్టె పట్టుకుని వాడి ఎదురుగానే నిలబడి ఉంది. ఆ మాట నేను పైకే అన్నాను. గెస్టులు వినాలని గట్టిగా అన్నాను. రాంప్రసాద్ విజిల్ పట్టుకుని నలిపాడు. "నీకు పని వద్దా?" అన్నాడు.

లింగమ్మ మా ఇద్దరి మాటలూ వినలేదు. బోర్డు దగ్గరికి పోయింది.

"ఏ అచ్చరం తప్పు? సూపియ్."

నేను వేలు పెట్టి చూపించాను. ఆమె నా నల్లరంగు డబ్బాలో చెయ్యి ముంచి, ఆ 'వె' మీద అరచేత్తో అడ్డంగా పూసింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు, గోడకు పేడ కొట్టినట్టు. రాయడం రాని మనిషి చెరపడం మాత్రం శుభ్రంగా చెరిపింది. తర్వాత రంగు చేతిని నా చొక్కాకు తుడిచింది.

"ఇగ రాయి."

రాంప్రసాద్ అరుస్తూనే ఉన్నాడు. నేను తెల్లరంగుతో 'ఎ' రాశాను. తొందరలో అక్షరం వంకరగా వచ్చింది. కిరణాలను నల్లగా దిద్ది గోళ్లు చేశాను. మేమిద్దరం ఇక ఆ గుట్ట ఎక్కవద్దని రాంప్రసాద్ చెప్పాడు. యాకమ్మ ఏడ్చింది, లింగమ్మ ఏడవలేదు. ఉదయ్ కేసు పెట్టలేదు. సారీ కూడా చెప్పలేదు. ముగ్గురూ కారెక్కి, అద్దాలు పైకి ఎత్తుకుని వెళ్లిపోయారు.

మూడు రోజులకు నా బోర్డు పీకేశారని యాకమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని జాగాలో ఫ్లెక్సీ కట్టారట, 'సన్‌రైజ్ పాయింట్' అని. లింగమ్మ మాత్రం జీతం లేకుండానే రోజూ తెల్లారకముందు పల్లె నుంచి ఎక్కి వస్తోందట. క్యాంపు గేటు నుంచి రానివ్వకపోతే వాగు దాటి వెనక నుంచి వస్తోందట. వాచ్‌మన్ రెండుసార్లు గెంటేశాడట.

మాఘమాసంలో ఒక పొద్దున నేనూ వాగు దాటి వెనక నుంచే ఎక్కాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆమె గుహకు ఈవల బండ మీద కూర్చుని ఉంది, కట్టె ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి పక్కకు జరగలేదు, కూర్చోమనలేదు.

"తప్పయింది లింగమ్మక్కా" అన్నాను.

"తప్పా?" అంది. నా వైపు చూడకుండానే అంది. "తప్పు తెల్వక జేస్తరు. నా మొగుడు తెల్వక ఎక్కిండు, అది తప్పు. నువ్వు నేను సెప్పంగ ఇన్నవ్. ఇని, నాకు మాట్లాడ రాదనుకున్నవ్. నువ్వు తప్పు జెయ్యలే. నువ్వు నన్ను దిద్దినవ్."

కింద టెంట్ల వైపు నుంచి నవ్వులు, సెల్‌ఫోన్ లైట్లు ఎక్కి వస్తున్నాయి. ఆమె కట్టె ఊతంగా లేచి, నన్ను భుజంతో పక్కకు నెట్టి, వాళ్లకు ఎదురు పోయింది.